రాత్రి విమానానికి దీపాలు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో వేసవి రాత్రి ఆరుబయట పడుకొనేవారికి ఒక దృశ్యం పరిచితమే. నక్షత్రాల మధ్య ఒక చుక్క కదలిపోతూ మాటిమాటికి తెల్లగా తళుక్కుమంటుంది. పటం తీసి చెన్నైనుండి హైదరాబాదుకు ఒక సరళరేఖ గీచి చూడండి. అది కంభం దాపులనుండి పోతుంది. మనం చూచే ఆ చుక్క ఒక విమానము.

ఆ తళుకు కాక దానికి నిలకడగా వెలిగే దీపాలు మరి మూడు ఉన్నవి. ఎడమ రెక్క కొనన ఎరుపు, కుడి రెక్క కొనన ఆకుపచ్చ, తోకవద్ద తెలుపు. ఈ రంగుల పద్ధతి పందొమ్మిదవ శతాబ్దపు ఓడలనుండి వచ్చినది. చీకటిలో విమానం ఆకారం కనబడదు. అది ఎటు పోతున్నదో ఎదుటి చోదకునికి చెప్పగలవి ఈ దీపాలే.

ఎట్లు చెప్పగలవు? ఎరుపు దీపం సూటిగా ముందువైపునుండి ఎడమకు 110 డిగ్రీలవరకే కనబడవలెను. ఆకుపచ్చ దీపం కుడికి 110 డిగ్రీలు. మిగిలిన 140 డిగ్రీలు తోక దీపానివి. మూడూ కలిపితే 360. కనుక ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒక్కసారే కనబడితే విమానం మనకు ఎదురుగా వస్తున్నదన్నమాట. తెలుపు ఒక్కటే కనబడితే మనం దాని వెనుక ఉన్నాము. మన కుడిప్రక్కనుండి అడ్డంగా వచ్చే విమానం తన ఎడమ పార్శ్వాన్ని, అనగా ఎరుపును, మనకు చూపుతుంది. అప్పుడు దారి ఇవ్వవలసినది మనమే. ఆ దీపం మన అద్దంమీద ప్రక్కకు జరుగుతూ ఉంటే భయం లేదు. ఉన్నచోటనే నిలిచి క్రమంగా ప్రకాశవంతమవుతూ ఉంటే ఢీకొనే ప్రమాదం ఉన్నదని గ్రహించవలెను.

పెద్ద విమానాలకు ఈ ఏర్పాట్లన్నీ కర్మాగారంలోనే జరుగుతవి. కాని విమానాన్ని స్వయంగా కట్టుకొనేవారు కూడా ఉన్నారు. ముంబయిలో ఇంటి డాబామీద నిర్మించిన ఒక విమానాన్ని 2016లో ప్రదర్శించారు. అటువంటి నిర్మాత దీపాలను గూర్చి రెండు లెక్కలు వేసుకోవలెను.

మొదటిది కోణాల లెక్క. రెక్క కొన వంపువల్ల ఎరుపు కాంతి కుడివైపుకు ఎక్కువగా చిందితే, ప్రక్కగా పోయే విమానం ఎదురుగా వస్తున్నట్లు తోచును. అబద్ధం చెప్పే దీపం దీపం లేకపోవుటకంటె చెడ్డది.

రెండవది విద్యుత్తు లెక్క. అమెరికాలో చిన్న విమానాలకు చిరకాలం అమలులో ఉన్న ప్రమాణం ప్రకారం రెక్కల దీపాలకు ముందువైపున 40 కాండెలాలు, తోక దీపానికి 20, తళుకు దీపానికి 400 ఉండవలెను. ఒక కాండెలా అంటే సుమారు ఒక కొవ్వొత్తి వెలుగు. పాత పద్ధతిలో 26 వాట్ల తంతుదీపాలు మూడు పెడితే 78 వాట్లు. 12 వోల్టులవద్ద ఆరున్నర ఆంపియర్లు. నేలకు దిగునప్పుడు వెలిగించే దీపం 100 వాట్లు. మొత్తం 178. తేలిక విమానాలలో విరివిగా వాడే రోటాక్స్ 912 ఇంజనులోని జనకయంత్రం ఇవ్వగలది సుమారు 250 వాట్లే. తళుకు దీపం, రేడియో, పరికరాలు మిగిలిన 72 వాట్లతో సరిపెట్టుకోవలెను.

తంతుదీపానికి రంగు గాజు తొడిగినప్పుడు ఆ గాజు తెల్లని కాంతిలో చాలా భాగాన్ని మ్రింగివేస్తుంది. ఎల్.ఇ.డి. దీపం కావలసిన రంగునే పుట్టిస్తుంది. కనుక కొద్ది వాట్లతోనే పని జరుగుతుంది. ఇంటివద్ద విమానం కట్టుకొనేవారికి నేడు ఇదే అనుకూలము. అయితే ఎల్.ఇ.డి.లో కాంతి ఒక దిక్కుకే ఎక్కువగా పోతుంది కనుక కోణాలను మరల కొలిచి చూడక తప్పదు.

విమానంలోని దీపాలతోనే పని తీరదు. మార్కాపురానికి తూర్పున దొనకొండవద్ద రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానక్షేత్రం ఉన్నది. అటువంటి నిరుపయోగమైన మైదానంలో, నేలమీద దీపాల వరుస లేనిదే, రాత్రి దిగుట ప్రాణాంతకము.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. మన మార్కాపురం పలకమీద ఒక వృత్తం గీచి, కోణమానినితో 110, 110, 140 డిగ్రీలు గుర్తించండి. ఒక విద్యార్థి ఎడమచేత ఎర్రకాగితం, కుడిచేత పచ్చకాగితం పట్టుకొని నడవవలెను. తక్కినవారు తమకు కనబడే రంగునుబట్టి అతడు ఏ దిక్కుకు పోతున్నాడో చెప్పవలెను.