ఎరుపును ఎండకు పెట్టే యంత్రం

జుట్టుకు వేసే రంగుల్లో ఎరుపంత తొందరగా వెలిసేది అరుదు. పార్లర్ నుంచి దానిమ్మ గింజల రంగుతో వచ్చిన జుట్టు నెల తిరిగేసరికి ఇటుక రంగుకు దిగుతుంది, ఆ తర్వాత పాలిపోయిన నారింజకు. ఆస్ట్రేలియాలో ఉండేవాళ్లకు ఈ తంటా ఇంకాస్త ఎక్కువ. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో. దక్షిణార్ధగోళానికి అది నడి వేసవి. జూలైతో పోలిస్తే అప్పుడు భూమికి అందే సూర్యశక్తి దాదాపు 7 శాతం ఎక్కువ. అతినీలలోహిత కిరణాల సూచీ 11కు చేరితే 'తీవ్రాతితీవ్రం' అంటారు. అక్కడి వేసవి మధ్యాహ్నాల్లో అది మామూలే.

ఈ ఎండను గదిలోకి తెచ్చి, రంగును దాని ముందు నిలబెట్టి, ఎంత పోయిందో అంకెల్లో చెప్పే యంత్రం ఒకటుంది. గుడ్డల కోసం పుట్టి, గొర్రె ఉన్నితో పెరిగి, చివరికి మనిషి జుట్టు దగ్గరికి వచ్చింది. ఎరుపు ఎందుకు పోతుందో, ఎలా ఆపాలో మనకు తెలిసినదాంట్లో చాలా భాగం దాని చలవే.

యంత్రం లేని రోజుల్లో పరీక్ష పెట్టింది అసలు ఎండే. మన మచిలీపట్నం అద్దకంవాళ్లు గుడ్డను కరక్కాయ నీటిలో నానబెట్టి, పటికతో అచ్చు వేసి, చిరువేరు రసంలో ఉడికించి, పారే నీటిలో జాడించి ఎండలో ఆరేసేవారు. ఇన్ని ఎండలకూ ఉతుకులకూ ఓర్చిన ఎరుపు ఓడలెక్కి యూరప్ చేరితే అక్కడి జనం వెర్రెత్తిపోయారు. తన నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో ఆ గుడ్డలను నిషేధించింది. అదే ఫ్రాన్సులో 1730లలో షార్ల్ దు ఫే అనే శాస్త్రవేత్త రంగు వేసిన ఉన్ని, పట్టు ముక్కలను పన్నెండేసి రోజులు ఎండలో పెట్టి, నిలిచేవి ఏవో, నిలవనివి ఏవో వేరు చేశాడు. రంగు నిలకడకు ఒక కొలత ఉండాలన్న పట్టుదల నాకు ఆయనలో కనిపిస్తుంది.

చిరువేరు ఎరుపు నిలవడానికి కారణం పటిక. అందులోని అల్యూమినియం ఒక చేత్తో నూలును, ఇంకో చేత్తో రంగును పట్టుకుంటుంది. జుట్టు రంగులో ఇలాంటి ముడి ఏదీ లేదు. 1907లో పారిస్‌లో యూజీన్ షుల్లర్ తయారుచేసి, తర్వాత లోరియల్ కంపెనీగా ఎదిగించిన రంగుల పద్ధతే నేటికీ నడుస్తోంది. అమ్మోనియా వెంట్రుకను ఉబ్బిస్తుంది. రంగులేని చిన్న అణువులు లోపలికి దూరతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ వాటిని అక్కడే ఒకదానికొకటి అతికించి రంగుగా మారుస్తుంది. అలా పెద్దవైన అణువులు వచ్చిన దారిన బయటికి పోలేవు. నలుపు, ముదురు గోధుమ రంగుల్లో మూడేసి వలయాలు కలిసిన అణువులు ఎక్కువ. ఎరుపునిచ్చేవి చాలావరకు రెండు వలయాలవి, చిన్నవి. వెంట్రుక మళ్లీ ఉబ్బిన ప్రతిసారీ అవి కొంచెం కొంచెంగా జారిపోతాయి. గోరింటాకు సంగతి వేరు. దానిలోని లాసోన్ వెంట్రుక ప్రోటీన్‌తోనే బంధం కడుతుంది. నెరిసిన జుట్టుకు గోరింటాకు పెట్టుకునే మన అమ్మమ్మల ఎరుపు అన్నాళ్లు నిలవడం అందుకే.

ఇక ఎండ. 1888లో రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు చిత్రకారుల నీటి రంగులపై ఒక నివేదిక ఇచ్చారు. గాలి తీసేసిన గాజు గొట్టాల్లో పెట్టిన రంగుల్లో చాలావాటిని వెలుతురు ఏమీ చేయలేకపోయింది. గాలి, తేమ తోడైనప్పుడే అవి వెలిశాయి. ఈ విషయం తర్వాతి యంత్రాలన్నిటికీ దారి చూపింది.

చికాగోలోని అట్లాస్ కంపెనీ 1915 ప్రాంతంలో కార్బన్ ఆర్క్ దీపంతో మొదటి పరీక్ష యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. కొన్నేళ్లలోనే దాన్ని మెరుగుపరిచి 'ఫేడోమీటర్' అని పేరు పెట్టింది. రెండు బొగ్గు కడ్డీల మధ్య మెరిసే మంట చుట్టూ గుడ్డ ముక్కలు తగిలించేవారు. వెలుగు బలమైనదే, కానీ ఎండలాంటిది కాదు. అతినీలలోహిత కిరణాల్లో ఒకచోట మరీ ఎక్కువ, ఇంకోచోట మరీ తక్కువ. దానివల్ల యంత్రంలో గట్టిదనిపించిన రంగు వీధిలో వెలిసేది. 1954లో జర్మనీలోని హనావు నుంచి జినాన్ దీపంతో జెనోటెస్ట్ యంత్రం వచ్చాక ఆ లోటు తీరింది. తగిన ఫిల్టర్ తొడిగితే జినాన్ వెలుగు పగటి వెలుగుకు బాగా దగ్గరగా ఉంటుంది.

ఆ యంత్రం లోపల ఏముంటుందో చూడండి. ఒక అట్ట మీద ఎనిమిది నీలి ఉన్ని పట్టీలు ఉంటాయి. మొదటిది ఇట్టే వెలుస్తుంది, రెండోదానికి దాదాపు రెట్టింపు కాలం, మూడోదానికి అంతకు రెట్టింపు. అలా ఎనిమిదోదాకా. పరీక్షించాల్సిన ముక్కను వాటి పక్కనే పెట్టి సగం కప్పేస్తారు. తీశాక కప్పిన సగానికీ కప్పని సగానికీ మధ్య గీత ఎంత తేటగా కనిపిస్తుందో, ఏ నీలి పట్టీ దానితో సరితూగుతుందో చూసి మార్కు వేస్తారు. లోపల తేమ ఎంతుందో తెలియడానికి ఒక గుడ్డ పెడతారు. అది ఎర్రటి నూలు గుడ్డ. తేమను బట్టి ఎక్కువగానో తక్కువగానో వెలిసే ఎరుపును ఏరి ఎంచుకున్నారు. ఎరుపు బలహీనతనే కొలత సాధనంగా మార్చడం నాకు భలే నచ్చింది.

రంగులను తూచే ఆ పట్టీలు ఉన్నివి కావడం ఆస్ట్రేలియాకు బాగా కలిసొచ్చింది. దేశమంతా గొర్రె వీపు మీద బతుకుతోందని అక్కడివాళ్లు చెప్పుకునే కాలమది. నైలాన్, పాలిస్టర్ పోటీకి దిగడంతో 1949లో ఆ దేశ ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్‌వో జీలాంగ్, మెల్బోర్న్, సిడ్నీల్లో ఉన్ని పరిశోధనశాలలు పెట్టింది. 1957లో ఆర్థర్ ఫార్న్‌వర్త్ ఉన్ని ప్యాంటుకు చెరగని ఇస్త్రీ మడత పెట్టే సిరోసెట్ పద్ధతి కనిపెట్టాడు. ఉన్నిలోని సల్ఫర్ బంధాలను విప్పి మళ్లీ కట్టడమే అందులోని కిటుకు. ఆడవాళ్లు జుట్టు రింగులు తిప్పించుకునే పెర్మ్ రసాయనమూ చేసేది ఇదే. గొర్రె ఉన్నీ, మన జుట్టూ కెరటినే. రెంటికీ పైన పెంకుల పొర ఉంటుంది. ఈ చుట్టరికం ఒకసారి ప్రాణాల మీదికి వచ్చిన జబ్బును కూడా పట్టించింది. మెంకెస్ జబ్బుతో పుట్టిన పిల్లల వంకర జుట్టు, రాగి లోపించిన గొర్రెల ఉన్నిలా ఉందని 1972లో మెల్బోర్న్ వైద్యుడు డేవిడ్ డాంక్స్ గమనించాడు. ఆ పిల్లలకు కొరవడింది రాగేనని తేలింది.

జినాన్ యంత్రం ఖరీదైనది. ఆస్ట్రేలియా అందుకు ఒక చవక దారి పట్టింది. మెర్క్యురీ వేపర్‌కు టంగ్‌స్టన్ తీగను జోడించి, బల్బు లోపల ఫాస్ఫర్ పూసిన దీపాన్ని తీసుకుంది. ఫ్యాక్టరీ కప్పుల కింద వేలాడే జాతి బల్బే ఇది. కరెంటును అదుపులో ఉంచే బలాస్ట్ పని లోపలి తీగే చేస్తుంది కాబట్టి వేరే సామాను అక్కర్లేదు. ఈ దీపంతో పరీక్ష చేసే పద్ధతి ఆస్ట్రేలియన్ ప్రమాణాల్లో ఒకటిగా స్థిరపడింది. ఎంబీటీఎఫ్ అనే ఈ దీపం ముందు నిలిచిన రంగుకు అక్కడ విలువ ఎక్కువ.

జుట్టు దగ్గరికి వస్తే, ఇప్పుడు రంగు కంపెనీల ప్రయోగశాలల్లో కొన్ని గ్రాముల జుట్టు పాయలకు రంగు వేసి, గోరువెచ్చని నీటిలో షాంపూతో పదేపదే కడిగి, జినాన్ దీపం ముందు పెట్టి, స్పెక్ట్రోఫోటోమీటర్‌తో రంగు తేడా లెక్కిస్తారు. అలా తేలిన మొదటి నిజం చాలామందికి రుచించదు. రంగును ఎక్కువగా తీసేది షాంపూలోని సల్ఫేటు కాదు, నీళ్లు. తడిసిన వెంట్రుక దాదాపు ఏడో వంతు మేర లావెక్కుతుంది. చిన్న ఎరుపు అణువులు ఆ సందుల్లోంచి బయటపడతాయి. 1997లో సీఎస్ఐఆర్‌వోకు చెందిన లెస్లీ జోన్స్, డొనాల్డ్ రివెట్ రాసిన ఒక వ్యాసం దీనికి ఇంకో కోణం జోడించింది. వెంట్రుక పైపొరకు ఒక అణువు మందాన కొవ్వు అతుక్కుని ఉంటుంది. ఉన్నికీ జుట్టుకీ నీరంటకుండా కాపాడేది ఆ పొరే. రంగు వేసేటప్పుడు వాడే క్షారమూ పెరాక్సైడూ దాన్ని ఊడగొడతాయి. అంటే రంగును లోపలికి పంపిన మందే దాన్ని బయటికి పంపే దారి కూడా తెరుస్తుంది. అందుకే రంగు వేసిన జుట్టుకు కండిషనర్ అలంకారం కాదు, పోయిన తొడుగుకు బదులు.

ఎండ పనికి ఆస్ట్రేలియాలో ఎప్పటినుంచో మందుంది. చర్మ క్యాన్సర్‌ను ఎదుర్కోవడానికి 1981లో మొదలైన 'స్లిప్, స్లాప్, స్ల్యాప్' ప్రచారంలో మూడోమాట టోపీ గురించే. చర్మాన్ని కాపాడిన ఆ టోపీ రంగునూ కాపాడుతుంది. 1996లో ఎండ నుంచి కాపాడే బట్టలకు ప్రపంచంలోనే మొదటి ప్రమాణాన్ని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి తెచ్చాయి. స్ప్రేలు, సీరమ్‌ల కంటే దట్టంగా నేసిన వెడల్పాటి టోపీ మేలని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే అది అతినీలలోహిత కిరణాలనే కాక, ఎర్రటి రంగును వెలిసేలా చేసే మామూలు వెలుతురును కూడా ఆపుతుంది.

సిడ్నీలోనో పెర్త్‌లోనో ఎర్ర జుట్టుతో ఉండే మన అమ్మాయిలు చేయగలిగిన పనులు ఇవి. తలస్నానాల మధ్య రోజులు పెంచండి, నీళ్లు చల్లగా ఉండనివ్వండి. ఈత కొలనులో దిగేముందు మామూలు నీళ్లతో జుట్టు తడిపి కాస్త కండిషనర్ రాయండి, అప్పుడది క్లోరిన్ నీళ్లను అంతగా పీల్చదు. రంగు నింపే కండిషనర్ దొరికితే వాడండి. అందులోని ధనావేశ రంగులు రుణావేశమెక్కిన పెంకులకు ఇట్టే అంటుకుంటాయి. జుట్టు ఆరేముందు స్ట్రెయిటనర్ పెట్టకండి.

ఈ యంత్రం కథలో ఆస్ట్రేలియా అధ్యాయం ఇప్పుడు మారుతోంది. మెర్క్యురీ కట్టడికి కుదిరిన మినమటా ఒప్పందం సాధారణ వెలుతురుకు వాడే మెర్క్యురీ వేపర్ దీపాలను 2020 నుంచి తయారుచేయవద్దంది. ఆస్ట్రేలియా 2021 డిసెంబర్‌లో ఆ ఒప్పందంలో చేరింది. జీలాంగ్ ఉన్ని కాలంనాటి బల్బులు దొరకడం కష్టమవుతూ, జినాన్ ఒంటరిగా మిగులుతోంది. ఆ దీపం ముందు ఇప్పుడు వేలాడే నమూనాల్లో గొర్రె ఉన్ని పట్టీ పక్కన ఎర్ర రంగు వేసిన జుట్టు పాయ కూడా ఉంటోంది.