జి స్వరంలో మోగే పేట

గుంట మగ్గంలో కూర్చున్న నేతగాడి చేతులకు తీరిక ఉండదు. ఒక చెయ్యి నాడెను అటూ ఇటూ పరుగెత్తించే తాడు మీద, రెండో చెయ్యి పేకను తట్టి దగ్గరకు చేర్చే అచ్చు మీద. పడుగును పైకీ కిందికీ విడదీసే పని కాళ్ల వంతుకు వచ్చింది. గుంటలో తొక్కుడు పలకలు ఉండేది అందుకే. ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్ల అవస్థా అచ్చం ఇదే. ఎడమచేతి వేళ్లు తీగలు నొక్కుతుంటాయి, కుడిచెయ్యి మీటుతుంటుంది. పాట మధ్యలో స్వరం రంగు మార్చాలంటే ఖాళీగా ఉన్నది పాదమొక్కటే. పాదం కింద ఇమిడేంత లోహపు డబ్బా, తొక్కడానికో మీట, తిప్పడానికి రెండు మూడు నాబ్‌లు. దాన్నే ఎఫెక్ట్స్ పెడల్ అంటారు.

ఏ పెడల్ గొప్పది, ఏది దండగ అన్న వాదం ఇద్దరు గిటారిస్టులు కలిస్తే చాలు, మొదలవుతుంది. టెక్సస్ బార్లలో, లండన్ స్టూడియోల్లో పుట్టిన ఆ వాదాన్ని తెచ్చి మహారాష్ట్రలోని షోలాపూర్ తెలుగు పేటల్లో నిలబెడితే కొన్ని జవాబులు తారుమారవుతాయి. ఇక్కడి చప్పుడు వేరు.

షోలాపూర్‌లో తొలి బట్టల మిల్లు 1877లో మొదలైంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాల తరబడి ఇక్కడికి వలస వచ్చి మిల్లుల్లోనూ ఇళ్లలోని మగ్గాల మీదా బతికాయి. తర్వాత చేతిమగ్గాల చోట పవర్‌లూమ్‌లు వచ్చాయి. ఊరి పేరుతోనే అమ్ముడయ్యే చద్దర్లు, టవళ్లు వాటి మీదే పుడతాయి. ఆడవాళ్లు చాలామంది గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. సాఖర్ పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్ వైపు వెళ్లినవాళ్లను ముందుగా పలకరించేది కార్ఖానాల చప్పుడు. రేకుల కప్పు కింద నాడె కొట్టుకునే టకటకలో పక్కమనిషి మాట కూడా పెదవులు చూసి పోల్చుకోవాల్సిందే.

ఆ టకటక అడుగున మరో మోత ఉంది. చెవికి పెద్దగా ఆనదు గానీ గిటారు దాన్ని ఇట్టే పట్టేస్తుంది. గిటారు తీగల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగ. ఇనుము కలిసిన తీగ కదిలితే అందులో కరెంటు పుడుతుంది. చుట్టుపక్కల మోటారో ట్రాన్స్‌ఫార్మరో పనిచేస్తున్నా పుడుతుంది. తేడా తెలుసుకునే తెలివి రాగితీగకు లేదు. మన కరెంటు ఆవర్తనాలు సెకనుకు 50. స్పీకర్లో వినిపించే గుంయ్ శబ్దంలో 50తో పాటు దానికి రెట్టింపైన 100 కూడా గట్టిగా ఉంటుంది. గిటారు ఆరో తీగను మూడో మెట్టు దగ్గర నొక్కితే పలికే జి స్వరం సెకనుకు 98 కంపనాలు. అంటే మోటార్ల పక్కన ప్లగ్ పెట్టిన గిటారు తనంతట తానే జి స్వరానికి చేరువగా ఒక శ్రుతి వేసుకుని కూర్చుంటుంది. అమెరికాలో కరెంటు ఆవర్తనాలు 60 కాబట్టి అక్కడి గుంయ్ బి స్వరానికి దగ్గర. అమెరికా పుస్తకం చదివి పెడల్ కొనుక్కున్నవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక ఇష్టాయిష్టాలు.

పెడళ్లలో పెద్దన్న ఫజ్. అది తప్పులోంచి పుట్టింది. 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వరీ’ని నాష్‌విల్‌లో రికార్డు చేస్తుండగా స్టూడియో పరికరంలో ఒక భాగం చెడింది. గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటారు స్వరం చిరిగిన గుడ్డలా వినిపించింది. దాన్ని తీసెయ్యకుండా అలాగే విడుదల చేస్తే జనానికి నచ్చింది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ లోపాన్ని కావాలనే పుట్టించే సర్క్యూట్ తయారుచేశాడు. అదే 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో బజారుకొచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ ‘శాటిస్‌ఫాక్షన్’లో వాడాక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. లోపల జరిగే పని చాలా సరళం. స్వరం కొండల్లా లేచి పడే అల అనుకుంటే, ఫజ్ ఆ కొండల తలలు నరికేస్తుంది. నున్నటి అల బల్లపరుపుగా మారి స్వరం బొంగురుపోతుంది, చాలాసేపు నిలుస్తుంది.

నిలవడం మంచిదే. అయితే తలలు నరకడానికి ముందు స్వరాన్ని వందల రెట్లు పెంచుతారు, దాంతో పాటు గుంయ్ కూడా వందల రెట్లు పెరుగుతుంది. మగ్గాల పక్కింట్లో ఫజ్ తొక్కితే పాట కంటే మోటారే ముందు పలుకుతుంది. అందుకే ప్రపంచమంతా మెచ్చిన ఫజ్ ఈ పేటల్లో చివరి బెంచీకి పోతుంది. ఇక్కడ నెగ్గేది దాని చిన్న చెల్లెలు లాంటి ఓవర్‌డ్రైవ్.

ఓవర్‌డ్రైవుల్లో అందరికీ తెలిసింది ఆకుపచ్చ డబ్బా. జపాన్‌కు చెందిన ఐబనేజ్ 1979లో టీఎస్-808గా మొదలుపెట్టిన ట్యూబ్ స్క్రీమర్ అది. అలల తలలను నరకదు, మెత్తగా ఒత్తుతుంది. మంద్రాన్ని కాస్త తగ్గిస్తుంది, మధ్య స్థాయిని పైకి నెడుతుంది. ఒక్కరే గదిలో కూర్చుని వింటే ముక్కుతో పాడినట్టు అనిపించి కొందరికి నచ్చదు. కానీ కింద డోలు, పైన తాళాలు మోగుతున్న చోట ఖాళీగా మిగిలేది ఆ మధ్య జాగానే. మనిషి గొంతు ఆ గోలలోనూ వినిపించేది అక్కడే. ఊరేగింపులో గిటారు బతకాలన్నా అక్కడే బతకాలి.

దీనికి సరిగ్గా ఎదురు నిలిచేది బాస్ అనే జపాన్ కంపెనీ 1991లో తెచ్చిన మెటల్ జోన్. ఇంతగా అమ్ముడై ఇంతగా తిట్లు తిన్న పెడల్ మరొకటి లేదు. పది లక్షలకు పైగా అమ్ముడైంది. కొత్తగా కొన్న కుర్రాళ్లు చాలామంది మంద్రం నాబ్, తారం నాబ్ చివరిదాకా తిప్పి, మధ్య స్థాయిని సున్నాకు తెస్తారు. గదిలో అది ఉరుములా ఉంటుంది. బ్యాండుతో కలిసిన మరుక్షణం గిటారు మాయమైపోతుంది. మోటు నూలు బట్టకు గంజి దట్టంగా పెట్టి ఇస్త్రీ చేస్తే అంగట్లో నిగనిగలాడుతుంది, మొదటి ఉతుకుకు అసలు నేత బయటపడుతుంది. ఈ పోలిక పేటలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. అయినా నిజం చెప్పాలంటే నేరం పెడల్‌ది కాదు. అందులో మధ్య స్థాయిని ఎక్కడ, ఎంత పెంచాలో ఎంచుకునే నాబ్‌లున్నాయి. స్వరాన్ని చీల్చే డిస్టార్షన్ తగ్గించి వాటిని ఓపిగ్గా తిప్పినవాళ్లకు అది మంచి పనిముట్టే. 2018లో అదే కంపెనీ దాన్ని మెరుగుపరిచి మళ్లీ విడుదల చేసిందంటే తిట్లతో పాటు ప్రేమా ఉందన్నమాట.

తిట్టిన నోళ్లే పొగిడిన కథ ఇంకోటుంది. అదే కంపెనీ 1983లో తెచ్చిన హెచ్ఎం-2ను 1991లో ఆపేశారు. అప్పటికే స్వీడన్ కుర్రాళ్లు దాని నాబ్‌లన్నీ చివరికంటా తిప్పి రంపపు మిషను లాంటి మోత పుట్టించారు. ఎంటూమ్డ్ బ్యాండ్ 1990లో తెచ్చిన ఆల్బమ్‌తో ఆ మోత ఒక సంగీత శాఖకే గుర్తయింది. ముప్పై ఏళ్ల తర్వాత 2021లో కంపెనీ దాన్ని మళ్లీ తయారుచేయక తప్పలేదు. కొత్త పెడల్ కోసం మనవాళ్లు ఇప్పుడు జపాన్ దాకా చూడాల్సిన పనీ లేదు. ముంబయిలోని యానిమల్ ఫ్యాక్టరీ ఆంప్లిఫికేషన్ సొంతంగా పెడళ్లు రూపొందించి విదేశాలకూ అమ్ముతోంది.

షోలాపూర్ వీధికి ఇంకా దగ్గరి వాద్యం ఒకటుంది. మహారాష్ట్ర ఊరేగింపుల్లో బెంజో అని పిలిచేది నిజానికి అమెరికా బాంజో కాదు. 1912లో నగోయాలో గోరో మొరితా తయారుచేసిన తైషోగోతో అనే జపాన్ వాద్యం మన దేశానికొచ్చి బుల్‌బుల్ తరంగ్ అయింది, ఆ తర్వాత బెంజో అయింది. టైపురైటర్ బొత్తాల్లాంటివి ఒక చేత్తో నొక్కుతూ రెండో చేత్తో తీగలు మీటుతారు. దానికి పికప్ తగిలించి బండి మీది స్పీకర్లకు కలిపితే గణపతి ఊరేగింపు మొత్తానికి వినిపిస్తుంది. 2016లో రవి జాదవ్ తీసిన ‘బాంజో’ హిందీ సినిమా ఈ వాయిద్యగాళ్ల గురించే.

బెంజోలో వేలికీ తీగకూ నడుమ బొత్తం అడ్డు. తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపే వీలు లేదు. చెయ్యి చేయలేని ఆ పనిలో కొంత కరెంటు చేస్తుంది. అందుకే గిటారు కోసం పుట్టిన పెడల్ బెంజోకు ఇంకా బాగా నప్పుతుంది. కాకపోతే ఏది పెట్టాలన్నదే ప్రశ్న. పెద్ద మందిరంలో పాడినట్టు వినిపించే రివర్బ్ హాలులో అమృతం, వీధిలో బురద. రెండు వైపులా గోడలున్న సందులో ప్రతిధ్వని ముందే ఉంది, దానికి మరో పొర చేరిస్తే ఏ స్వరం ఎక్కడ ముగిసిందో తెలియదు. డిలే సంగతి వేరు. అది స్వరాన్ని దాచి, చెప్పిన సమయానికి తిరిగి వినిపిస్తుంది. 1983 నాటి బాస్ డీడీ-2 ఈ పనిని అంకెల్లోకి మార్చి చిన్న డబ్బాలో పెట్టింది. సెకనులో పదింట ఎనిమిది వంతుల దాకా దాచగలదు. డోలు నిమిషానికి 120 దెబ్బలు వేస్తుంటే డిలేను సరిగ్గా అరసెకనుకు పెడితే చాలు, తిరిగొచ్చిన స్వరం దెబ్బ మీద పడుతుంది. ఒక్క బెంజో రెండు బెంజోలవుతుంది. ఊరేగింపుకు ఒకే ఒక్క పెడల్ ఎంచుకోమంటే డిలేకే ఓటు వేయాలి.

పెడళ్ల మోజులో మునిగినవాళ్లు ఒక తెలుగువాడి వాద్యం తప్పక వినాలి. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. మామూలు మాండొలిన్‌కు రెండేసి తీగల జతలుంటాయి. వాటి మీద గమకం కష్టం, స్వరమూ వెంటనే ఆరిపోతుంది. ఆయన ఒంటి తీగలు ఐదింటితో ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. విద్యుత్తు నుంచి ముఖ్యంగా తీసుకున్నది స్వరం నిలిచే వ్యవధి. ఆ వ్యవధిలో చేయాల్సిందంతా వేలితో చేశాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆ పిల్లవాడి చేతిలో కర్ణాటక సంగీతం విని విదేశీయులు ఆశ్చర్యపోయారు. 1995లో ఆయనతో కలిసి ‘డ్రీమ్’ ఆల్బమ్ చేసిన కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్, తీగ స్వరం ఎప్పటికీ ఆగకుండా మోగేలా చేసే ఇన్‌ఫినిట్ గిటార్‌ను కనిపెట్టినవాడు. 1987లో యూటూ బ్యాండ్ ‘విత్ ఆర్ వితౌట్ యూ’లో తేలే ఆ పొడుగాటి స్వరం దానిదే. ఆరిపోని తీగను తయారుచేసినవాడూ, ఆరిపోయేలోపే తీగ చేత గమకాలన్నీ పలికించినవాడూ ఒకే రికార్డులో కూర్చోవడం ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది.

మళ్లీ పేటలోకి వస్తే, గుంయ్‌తో వేగడానికి దారులు లేకపోలేదు. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు రాగి చుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపి హంబకర్ పికప్ చేశాడు. ఒకదానిలోకి వచ్చిన మోతను రెండోది కొట్టేస్తుంది. మామూలు గిటారైతే కూర్చున్న దిశ మార్చి చూడాలి. ఒక్కోసారి గోడ వైపు తిరిగితే మోత సగానికి పడిపోతుంది. నాయిస్ గేట్ పెడల్ వాయించనప్పుడు తలుపు మూస్తుంది గానీ వాయించేటప్పుడు తెరవక తప్పదు.

ఇంకోదారి కరెంటాఫీసు చేతుల్లో ఉంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి సరఫరా ఆగితే మగ్గాలన్నీ ఒక్కసారే నిలబడిపోతాయి. ఆంప్లిఫయర్ కూడా మూగబోతుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద నడిచే పెడల్ నెత్తిన ఎర్రదీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు ఆరో తీగ మీద మూడో మెట్టు నొక్కి మీటితే జి స్వరం సన్నగా, గదికి సరిపడా పలుకుతుంది. గడప అవతల బీడీ ఆకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడూ వినిపిస్తుంది.