తేటనీటిలో దాగినది



నేను మడకశిర ప్రాంతపు పాఠశాలలలో చాలకాలము సామాన్యశాస్త్రమును బోధించినవాడను. ఈనాడు మీకు చెప్పదలచినది ఆరవ తరగతి పిల్లల పాఠమే. కలిసిపోయిన పదార్థములను వేరుచేయుట, గాఢమైన ద్రావణమును పలుచన చేయుట అను రెండు పనులు అందులో గలవు. పిల్లల పాఠము మాకేల యని మీరందురేమో! ఆ పాఠమును ఏటేట బోధించుచుండియు దానిని నా యింటిలో ఉపయోగించుకొనజాలక నేను పడిన నష్టమొకటి యున్నది. దానిని ముందు చెప్పి పిదప ప్రయోగములలోనికి వచ్చెదను.

మా యింటికి బోరునీరు వచ్చెడిది. చూచుటకు ముత్యమువలె తేటగా నుండెడిది. రోగములు రాకుండుటకై ప్రతిదినమును ఆ నీటిని కాచి, చల్లార్చి, గుడ్డతో వడగట్టి మా అమ్మాయికి త్రాగించితిమి. ఇరుగుపొరుగు వారికిని అట్లే చేయుడని చెప్పుచుంటిని. పాలపండ్లు ఊడి కొత్తపండ్లు వచ్చినప్పుడు వానిమీద సున్నపు చుక్కలవంటి మచ్చలు కనబడెను. కొన్నియేండ్లకు అవి గోధుమవన్నె చారలయ్యెను. వేపపుల్లతో ఎంత తోమినను పోలేదు. ఆ రంగు పంటిమీద పట్టినది కాదు, పంటిలోనే ఏర్పడినది. ఆ పిల్ల నవ్వవలసి వచ్చినప్పుడెల్ల నోటికి చేయి అడ్డము పెట్టుకొనుట అలవరచుకొన్నది. కాచుటలో గాని వడగట్టుటలో గాని మేము లోపము చేయలేదు. ఆ రెండు పనులును ఏమి చేయగలవు, ఏమి చేయలేవు అన్నదే నేను ఆలోచింపలేదు.

మొదటి ప్రయోగము చెరువునీటితో చేయవలెను. వానకు మన ఎర్రనేలను కడుగుకొని వచ్చిన నీటిని ఒక గాజుగ్లాసులో పోసి కదలింపక యుంచుడు. ఇసుక వెంటనే దిగును. ఒండ్రు కొంతసేపటికి దిగును. సన్నని బంకమన్ను మాత్రము మరునాటికిని దిగక నీటిని ఎర్రగానే యుంచును. ఆ మంటి నలుసులు ఒకదానినొకటి నెట్టుకొనుచుండుటచే కూడి బరువెక్కజాలవు. మన పూర్వులు ఇండుపగింజను సానమీద అరగదీసి కడవలో కలుపుచుండిరి. కొన్నిచోట్ల దీనినే చిల్లగింజ యందురు. సుశ్రుతసంహితలో కతకమను పేర చెప్పబడినదియు ఇదియే. పటికముక్కను నీటిలో త్రిప్పినను ఆ పనియే జరుగును. నలుసులు ఒకదానినొకటి అంటుకొని, దూదిపింజలవలె కూడి, అడుగునకు దిగును. పైనీటిని మెల్లగా వంచుకొని గుడ్డతో వడగట్టినచో తేటనీరు లభించును. ఇంతవరకు మీ యింటి ఆడవారికి తెలియనిది ఏదియు లేదు.

రెండవ ప్రయోగమునకు చవుటిమన్ను కావలెను. మన చెరువుల క్రింద తెల్లగా పూచిన నేల ఎక్కడ నున్నదో మీకు నాకంటె బాగుగా తెలియును. గుప్పెడు చవుటిమన్ను నీటిలో కలిపి, తేర్చి, నాలుగుమడతల గుడ్డతో వడగట్టుడు. నీరు తేటగా నుండును. ఆ తేటనీటిని వెడల్పైన పళ్లెములో పోసి ఎండలో నుంచుడు. సాయంకాలమునకు నీరు పోయి పళ్లెమున తెల్లని పొర మిగులును. ఈ పొర గుడ్డలోనుండి దిగివచ్చినదే గదా! గుడ్డ ఆపునది నలుసును మాత్రమే. నీటిలో కరగిపోయిన దానిని గుడ్డ ఆపజాలదు. గుడ్డను నాలుగుమడతలకు బదులు నలుబది మడతలు వేసినను అంతియే.

అట్లయిన కాచినచో పోవునా? ఉప్పునీటిని తపేలాలో మరగించి, పైకెగయు ఆవిరికి చల్లని సత్తుపళ్లెమును అడ్డముగా పట్టుడు. పళ్లెమునుండి జారిన బొట్టులను రుచిచూచినచో ఉప్పదనము ఉండదు. తపేలాలో మిగిలిన నీరు మునుపటికంటె ఉప్పగా నుండును. ఆవిరియై పోవునది నీరు, ఉప్పు పోదు. రెండు లీటర్లను ఒక లీటరగువరకు మరగించినచో అందులోని ఉప్పు అంతయు ఆ లీటరులోనే నిలిచి గాఢత రెండింతలగును. కాచుటవలన క్రిములు చచ్చునన్నది నిజమే, దానిని మానుకొనవలదు. అది కరగిన వస్తువునకు మందు కాదు.

ఇక మూడవది సిరా ప్రయోగము. పిల్లలకు దీనిమీద మక్కువ ఎక్కువ, పెద్దలు దీనినే మరల మరల చేయించుకొని చూచిరి. ఆరు గిన్నెలను వరుసగా నుంచి, మొదటిదానిలో ఒక చెంచా సిరాను, తొమ్మిది చెంచాల నీటిని కలుపుడు. అది పదింట నొకవంతు. అందుండి ఒక చెంచా తీసి రెండవ గిన్నెలో తొమ్మిది చెంచాల నీటితో కలుపుడు. అది నూటికొకవంతు. ఇట్లే ఆరవదానివరకు పోవలెను. మొదటిది నల్లగా, రెండవది నీలముగా, మూడవది లేతగా నుండి, పోనుపోను కంటికి ఏమియు కనబడదు. ఆరవ గిన్నెలోని నీరు అచ్చముగా మంచినీరే యని ప్రమాణము చేయవచ్చును. కాని అందులో పదిలక్షల వంతులకొక వంతు సిరా యుండనే యున్నది. ఎక్కడికి పోవును?

ఈ ఆరవ గిన్నెను జ్ఞాపకముంచుకొనుడు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రామనగా సరిగా ఆ పాలే. త్రాగునీటిలో ఫ్లోరైడు అను లవణము లీటరుకు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు నీటివసతి లేనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము. రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. ఆ హద్దు దాటిన నీటిని పండ్లు ఏర్పడు వయసులో త్రాగిన పిల్లలకు పంటిచారలు వచ్చును. మిక్కిలి దాటిన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి కీళ్లు బిగుసుకొని, వెన్ను వంగి, మెడ తిరుగకుండును. వచ్చిన పిమ్మట దానిని కుదుర్చు మందు లేదు. మన దేశమున ఈ వ్యాధిని వైద్యులు మొదట వర్ణించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. వైద్యులకంటె ముందే అక్కడి రైతులు తమ ఎద్దులు కాలు సాగక కుంటుటను గుర్తించిరని చెప్పుదురు. రైతు చూపు అట్టిది.

మన సీమలో ఇది యెందులకు ఎక్కువ? మన నేలక్రిందిది గ్రానైటుజాతి రాయి. ఆ రాతిలోని కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు కలదు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీరు రాతిపగుళ్లలో చిరకాలము నిలిచి దానిని కరగించుకొనును. సున్నపుపాలు తక్కువై సవుడు ఎక్కువైన నీటిలో అది మరింతగా నిలుచును. పూర్వపు ఊటబావిలో ఏటేటి వాననీరు వచ్చి కలిసి పలుచనచేయుచుండెడిది. బావులెండి వందల అడుగుల లోతునకు బోరులు దించిన పిమ్మట మనకు వచ్చునది చాలచోట్ల ఆ పాతనీరే. అయినను ప్రక్కప్రక్కనున్న రెండు బోరులలో ఒకదానిలో ఎక్కువగాను, వేరొకదానిలో తక్కువగాను ఉండవచ్చును. కాబట్టి పరీక్ష చేయించక యేమియు తేల్చరాదు.

దీనిని వేరుచేయు ఉపాయము లేకపోలేదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనసంస్థవారు 1970 తరువాతి సంవత్సరములలో ఒక విధానమును రూపొందించిరి. దానికి మన తెలుగుసీమ పేరే వచ్చినది. నల్లగొండ పద్ధతి యందురు. నీటిలో సున్నమును, పటికను, కొంచెము బ్లీచింగు పొడిని వేసి బాగుగా త్రిప్పుదురు. పటికనుండి పుట్టిన దూదిపింజలవంటి ముద్దలు ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. మన జిల్లాలోనే కదిరిలో ఈ విధానముతో ఊరంతటికి నీరిచ్చు కేంద్రము 1980లో ఏర్పడినది. చెరువునీటి బంకమన్నును దింపిన పటికయే ఇక్కడను పనిచేయుచున్నది, చూచితిరా! కాని ఎంత పటిక, ఎంత సున్నము అన్నది ఆ నీటి గుణమునుబట్టి పరీక్షించి నిర్ణయించవలెను. చేతికి వచ్చినంత పటిక పోసినచో అదియే వేరొక కీడగును. ఇంటియందు అంచనాతో చేయదగిన పని కాదని నా అభిప్రాయము.

ఇంట చేయదగినది పలుచన. దీనికి లెక్కయే ఆధారము. ఒక బోరునీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడున్నదనుకొందము. వాననీటిలో ఇది దాదాపు లేదు. బిందెకు బిందె కలిపినచో 1.5 అగును. ఒక బిందె బోరునీటికి రెండు బిందెల వాననీరు కలిపినచో 1 అగును. వాననీరు మనకెక్కడిది యందురా? పదియడుగుల వెడల్పు, ముప్పదిరెండడుగుల పొడవుగల మిద్దెమీద ఒక మిల్లీమీటరు వాన పడినచో ముప్పది లీటర్ల నీరగును. పూర్వపు అనంతపురము జిల్లాలో సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ లెక్క వదలి, కరవుయేట 300 మాత్రమే కురిసినదనుకొందము. 9,000 లీటర్లు. అందులో నాలుగవవంతు వ్యర్థమైనను 6,750 మిగులును. అయిదుగురున్న యింటికి త్రాగుటకు, వంటకు దినమునకు 25 లీటర్లు చొప్పున ఏటికి 9,125 కావలెను. వాననీరు ఒక్కటే చాలదు. ఒకటికి రెండు చొప్పున కలుపుకొన్నచో కావలసినది ఇంచుమించు 6,100 లీటర్లే, సరిపోవును. మొదటివాన మిద్దెను కడిగిపోనిచ్చి, తరువాతి నీటినే మూతగల తొట్టిలో పట్టవలెను. క్రిముల భయమునకు ఈ నీటిని కాచి త్రాగవలెను. కాచుట ఇక్కడ పనికివచ్చును.

రాగిసంగటి, పాలు, మజ్జిగ పిల్లలకు సమృద్ధిగా పెట్టుడు. వానిలోని సున్నపుపాలు ఫ్లోరైడు ఒంటబట్టుటను కొంత తగ్గించును. హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థవారు చింతపండు తిన్న పిల్లల మూత్రములో ఫ్లోరైడు ఎక్కువగా వెలికిపోవుటను గమనించి 2002లో ప్రకటించిరి. హిందూపురము చింతపండు బేరగాండ్లకు ఇది సంతోషవార్తయే, కాని దానిని నమ్ముకొని చెడునీరు త్రాగుడని నేను చెప్పను.

నేడు పలుగ్రామములలో యంత్రములతో నీటిని సన్నని పొరగుండా బలవంతముగా నెట్టి శుద్ధిచేసి క్యానులలో ఇచ్చుచున్నారు. అది మంచి నీరే. ఒకనాడు పిల్లలను అట్టి కేంద్రమొకటి చూపుటకు తీసికొనిపోతిని. క్యానులు నిండుచుండగా, అందరును అటే చూచుచుండగా, ఒక బాలిక మాత్రము, “అయ్యవారూ, ఆ గొట్టములోనుండి పోవునది యేమి?” అని వెనుకవైపు చూపినది. శుద్ధజలమునుండి వేరైన లవణములన్నియు చేరిన నీరు అది. గొట్టము కాలువలోనికి, కాలువ ఊరిబయటి పల్లమునకు పోవుచున్నది. అందరమును ఆ కాలువవెంబడి నడచితిమి. నీరింకిన చోట నేలమీద తెల్లని పొర కట్టియుండెను. ఆ బాలిక వంగి దానిని వ్రేలితో తాకి, “మన చవుటిమంటి పళ్లెములో మిగిలినట్లే యున్నది” అన్నది. ఆ పల్లమునకు ఇరువది అడుగుల దూరమున ఊరి పాతబావి యున్నది.