గుహలో దారి చూపినవాళ్లకు మైకు ఎవరిచ్చారు?

ఇంటర్‌ప్రిటర్ అంటే మనకు తెలిసిన అర్థం దుబాసీ. ఒకరి మాటను ఇంకొకరి భాషలోకి మార్చి చెప్పేవాడు. అమెరికాలో ఈ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. నేషనల్ పార్కులోనో, పాత కోటలోనో, మ్యూజియంలోనో సందర్శకుల ముందు నిలబడి ఆ చోటు కథ చెప్పే మనిషిని కూడా ఇంటర్‌ప్రిటర్ అనే అంటారు. ఈ లోయ ఎట్లా ఏర్పడింది, ఈ చెట్టు వయసెంత, ఈ ఇంట్లో ఎవరు బతికారు, ఎవరు ఎవరిని తరిమేశారు, ఇవన్నీ వచ్చినవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం వాళ్ల ఉద్యోగం. తెలుగులో వ్యాఖ్యాత అనుకుందాం.

వీళ్లకు నేషనల్ అసోసియేషన్ ఫర్ ఇంటర్‌ప్రిటేషన్ అని ఒక సంఘం ఉంది. 1988లో రెండు పాత సంఘాలు కలిసి ఇది ఏర్పడింది. దీని ప్రాంతీయ శాఖలు సభలు జరుపుకుంటాయి. రేంజర్లు, మ్యూజియం ఉద్యోగులు, వాలంటీర్లు, విద్యార్థులు ఏదో ఒక పార్కులోనో దాని దగ్గరి ఊళ్లోనో కలుస్తారు. నెగడు చుట్టూ కూర్చున్నవాళ్లకు కథ ఎట్లా చెప్పాలి, బోర్డు మీద ఎన్ని మాటలుండాలి, చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలకు ఏం చెప్పాలి అని మాట్లాడుకుంటారు. మధ్యలో అందరూ కలిసి అడవిలోకి నడుస్తారు. చూడ్డానికి హాయైన సమావేశాలే. ఇందులో మనకేం పని అని పాఠకులు అడగొచ్చు.

మనకు పనుంది. ఒక చోటు గురించి మాట్లాడే అధికారం, దానికి జీతం, దానికో టోపీ, చేతిలో మైకు ఎవరికి దక్కుతాయన్నది కుల సమాజంలో పుట్టిన మనకు కొత్త ప్రశ్నేమీ కాదు. గుడి కట్టిన చేతులు ఎవరివి, స్థలపురాణం చెప్పే నోరు ఎవరిది అని మనం ఎప్పట్నుంచో అడుగుతున్నాం. పార్కు దగ్గర అడగాల్సింది కూడా అదే ప్రశ్న.

ఈ వృత్తికి మూలపురుషుడిగా అందరూ చెప్పుకునే పేరు ఫ్రీమన్ టిల్డెన్. ఆయన 1957లో రాసిన ‘ఇంటర్‌ప్రెటింగ్ అవర్ హెరిటేజ్’ పుస్తకాన్ని ఇప్పటికీ చదివిస్తారు. అందులో ఆరు సూత్రాలున్నాయి. వాటి సారం చెప్పాలంటే, సమాచారం కుమ్మరించడం వ్యాఖ్యానం కాదు. విన్న మనిషిని కదిలించి, వాడంతట వాడే ఆలోచించేట్టు చెయ్యాలి. ముక్క కాకుండా మొత్తం చూపించాలి. మంచి మాటలే. కానీ ఆ పుస్తకం వచ్చిన ఏడాదికి అమెరికా దక్షిణాదిన నల్లవాళ్లకు ఓటుహక్కు కూడా సరిగా లేదు. అంతకుముందు షెనండోవా నేషనల్ పార్కులో నల్లవాళ్ల కోసం లూయిస్ మౌంటెన్ అని విడిగా ఒక చోటు కేటాయించారు. మొత్తం చూపించాలన్న సూత్రాన్ని ఎవరు ఎంత దూరం పాటించారన్నదే అసలు సంగతి.

దాన్ని తేల్చుకోవడానికి కెంటకీ రాష్ట్రంలోని మామత్ కేవ్ నేషనల్ పార్కు కంటే మంచి చోటు లేదు. ప్రపంచంలో ఇప్పటిదాకా కొలిచిన గుహల్లో అతి పొడవైనది ఇదే. 680 కిలోమీటర్లకు పైగా దారులు కొలిచారు, ఇంకా కొలుస్తూనే ఉన్నారు. 1981లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సున్నపురాయి, నీళ్లు, లక్షల ఏళ్ల కాలం అంటూ ఒక గంటసేపు ప్రకృతి కథ చెప్పి సందర్శకులను సంతోషంగా పంపించేయొచ్చు. అట్లా చెప్పినా ఒక్క అబద్ధమూ ఉండదు.

కానీ గుహలోకి కాస్త దూరం పోతే పాత చెక్క తొట్లు, మొద్దులు తొలిచి చేసిన నీటి గొట్టాలు కనిపిస్తాయి. 1812 యుద్ధకాలంలో తుపాకీ మందుకు కావాల్సిన సూరేకారం ఇక్కడి మట్టిలోంచి తీశారు. తీసింది బానిసలు. దాదాపు డెబ్బై మంది దివిటీల వెలుతురులో ఆ మట్టి తవ్వి మోశారు. వాళ్లకంటే వేల ఏళ్ల ముందే ఆదివాసులు రెల్లు కాగడాలు పట్టుకుని లోపల మైళ్లకొద్దీ తిరిగారు, జిప్సం గీక్కుని తీసుకెళ్లారు. గుహను ‘కనుక్కున్నది’ ఎవరన్న ప్రశ్న అక్కడే పక్కకు పోతుంది.

యుద్ధం అయిపోయాక సూరేకారం ధర పడిపోయింది. గుహ వినోదయాత్రల చోటుగా మారింది. 1838లో ఫ్రాంక్లిన్ గోరిన్ అనే న్యాయవాది దాన్ని కొని, తన బానిస స్టీఫెన్ బిషప్‌ను అక్కడ గైడుగా పెట్టాడు. అప్పటికి స్టీఫెన్ పదిహేడేళ్ల కుర్రవాడు. అప్పటిదాకా అందరూ ఆగిపోయిన ఒక లోతైన అగాధాన్ని అదే ఏడాది దాటి అవతలికి పోయాడు. అక్కడ్నుంచి కొత్త దారులు, నదులు, కళ్లు లేని చేపలు బయటపడ్డాయి. మరుసటి ఏడాది డాక్టర్ జాన్ క్రోగన్ అనే ఆయన గుహను కొన్నాడు. ఆ బేరంలో స్టీఫెన్ కూడా ఉన్నాడు. గుహకు దారి చూపించేవాడు గుహతోపాటే అమ్ముడుపోయాడు.

1842లో క్రోగన్ అతన్ని లూయీవిల్‌లోని తన ఎస్టేటుకు పిలిపించి గుహ పటం గీయించాడు. స్టీఫెన్ తనకు గుర్తున్నదాన్ని బట్టి గీశాడు. 1845లో అది అతని పేరుతోనే అచ్చయింది. తర్వాత దశాబ్దాల పాటు జనానికి అదే ఆధారం. ఒక బానిస గీసిన పటం మీద అతని పేరే వేశారంటే ఆ కాలానికి అది అరుదు. అయితే పేరు వేసిన చేతులు గొలుసు విప్పలేదు. 1856లోగానీ అతనికి స్వేచ్ఛ రాలేదు. మరుసటి ఏడాదే చనిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక దాత సమాధి రాయి పెట్టించాడు. ఎవరో సైనికుడికి చెక్కిన రాయి మీద అక్షరాలు చెరిపి అతని పేరు చెక్కించాడని చెబుతారు. దాని మీద చనిపోయిన సంవత్సరం 1859 అని ఉంది. అదీ తప్పే.

సందర్శకుల రాతల్లో స్టీఫెన్ కనిపించే తీరు గమనించాలి. భూగర్భ శాస్త్రం తెలుసు, చమత్కారి, చదవడం రాయడం సొంతంగా నేర్చుకున్నాడు అని మెచ్చుకుంటూ రాశారు. లోపల అతను చెప్పిన చోట అడుగెయ్యకపోతే ప్రాణం పోతుంది కాబట్టి దొరలు అతని మాట విన్నారు. పైకి వచ్చాక వాళ్లు హోటల్లో భోంచేశారు, అతను బానిసల గుడిసెకు పోయాడు. మనకు ఈ దృశ్యం బాగా తెలుసు. బావి తవ్వేటప్పుడు మనం కావాలి, తోడుకునేటప్పుడు అక్కర్లేదు.

స్టీఫెన్‌తోపాటు మ్యాట్ బ్రాన్స్‌ఫోర్డ్, నిక్ బ్రాన్స్‌ఫోర్డ్ అని మరో ఇద్దరు గైడ్లు ఉండేవారు. వాళ్లను గోరిన్ ఇంకో యజమాని దగ్గర్నుంచి అద్దెకు తెచ్చాడు. ఎడ్లను బాడుగకు తెచ్చినట్టే. మ్యాట్ పిల్లలు అమ్ముడుపోయారు. ఆయన మాత్రం రోజూ దొరలకు గుహ అందాలు చూపిస్తూనే ఉన్నాడు. బానిసత్వం పోయాక కూడా ఆ కుటుంబం గుహను వదల్లేదు. కొడుకులు, మనవలు, మునిమనవలు తరం తర్వాత తరం గైడ్లుగా పనిచేశారు. 1920లలో ఆ కుటుంబంలోని మరో మ్యాట్, అతని భార్య కలిసి నల్లజాతి సందర్శకుల కోసం సొంత వసతిగృహం నడిపారు. గుహ పక్క హోటల్లో వాళ్లకు చోటు ఉండేది కాదు మరి.

తర్వాత జరిగింది చూడండి. 1941 జూలై 1న మామత్ కేవ్ పూర్తిస్థాయి నేషనల్ పార్కు అయింది. అందుకోసం చుట్టుపక్కల వందల కుటుంబాలను, నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ, వాళ్ల పొలాల నుంచి పంపించేశారు. గుహ ప్రభుత్వం చేతికి వచ్చింది. గైడు పని యూనిఫాం ఉన్న సర్కారీ ఉద్యోగమైంది. అప్పుడు ఆ ఉద్యోగాల్లోకి బ్రాన్స్‌ఫోర్డ్‌లను తీసుకోలేదు. వందేళ్లు పనిచేసిన కుటుంబం. బానిసగా ఉన్నంతకాలం పనికొచ్చిన జ్ఞానం, జీతం, పెన్షన్, గౌరవం వచ్చేసరికి పనికిరాకుండా పోయింది. 

మా ఉద్దేశంలో ఈ కథలో ముఖ్యమైన మలుపు బానిసత్వం కాదు, ఇదే. బానిసత్వం తప్పని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. ఒక ఆధునిక ప్రజాస్వామిక సంస్థ, ప్రకృతిని అందరికోసం కాపాడతానని వచ్చిన సంస్థ, మొదటి పనిగా ఎవరిని బయట పెట్టిందన్నది ఒప్పుకోవడమే కష్టం. ఆ కుటుంబంలో ఐదో తరానికి చెందిన జెర్రీ బ్రాన్స్‌ఫోర్డ్ 2004లో పార్కు గైడుగా చేరాడు. అరవై ఏళ్లకు పైగా ఖాళీ.

ఇప్పుడు ప్రాంతీయ సభల దగ్గరికి మళ్లీ వద్దాం. ఈ సంఘం గైడ్లకు సర్టిఫికెట్ ఇస్తుంది. అందుకు 32 గంటల కోర్సు ఉంటుంది, ఫీజు ఉంటుంది. శిక్షణ చెడ్డదని మేం అనడం లేదు. తెలిసిన విషయాన్ని నలుగురికీ చెప్పడం నేర్చుకోవాల్సిన విద్యే. కానీ సర్టిఫికెట్ అడిగే ప్రతి చోటా ఒక గుమ్మం ఉంటుంది. ఫీజు, ప్రయాణం, హోటల్ ఖర్చు భరించగలిగినవాళ్లే సభకు వస్తారు. ఆ చోట పుట్టి పెరిగినవాళ్లు మాత్రం ఒక సాయంత్రం నృత్యం చెయ్యడానికో, వంట రుచి చూపించడానికో అతిథులుగా వస్తారు. వ్యాఖ్యానించేవాళ్లు ఒకరు, వ్యాఖ్యానానికి వస్తువయ్యేవాళ్లు ఒకరు. ఏ సభ గురించైనా మనం అడగాల్సిన మొదటి లెక్క వేదిక మీద ఎవరు, సాంస్కృతిక కార్యక్రమంలో ఎవరు అన్నది.

అమెరికాలో ఈ ప్రశ్న ఇప్పుడు ఇంకా ముదిరింది. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. అమెరికన్లను చిన్నబుచ్చేలా ఉన్న చరిత్ర కథనాలు పార్కుల్లో, స్మారకాల దగ్గర ఉండకూడదని, వాటి బదులు దేశ ఘనతను, ప్రకృతి సౌందర్యాన్ని చూపించాలని దాని సారాంశం. కొద్ది నెలల్లోనే పార్కుల్లో క్యూఆర్ కోడ్ బోర్డులు వెలిశాయి. రేంజర్ చెప్పిన మాటలోగానీ, రాసిన బోర్డులోగానీ దేశాన్ని తక్కువ చేసేది ఏదైనా ఉంటే ఫిర్యాదు చెయ్యమని సందర్శకులను కోరారు. స్టీఫెన్ బిషప్ అమ్ముడుపోయిన సంగతి చెబితే అది దేశాన్ని తక్కువ చెయ్యడమా? ఆ సంగతి చెప్పే రేంజర్ నెత్తిన ఇప్పుడు ఆ కత్తి వేలాడుతోంది.

ఆ ఉత్తర్వులో ప్రకృతి సౌందర్యం అన్న మాట ఊరికే రాలేదు. చరిత్రను నేరుగా చెరిపితే గొడవవుతుంది. రాళ్లు, చెట్లు, జలపాతాల గురించి మాత్రమే మాట్లాడమంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మనుషుల్లేని ప్రకృతి అంత సౌకర్యమైన కథ ఇంకోటి లేదు.

మన దగ్గరా అంతే. అల్లూరి జిల్లా అనంతగిరి మండలంలో బొర్రా గుహలున్నాయి. వాటిని 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ కనుగొన్నాడని పర్యాటక సమాచారంలో పదే పదే కనిపిస్తుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో. అయినా ఆ వాక్యం కాపీ అవుతూనే ఉంది, ఎందుకంటే కనుగొన్నవాడు దొరైతే ఎవరూ లెక్క సరిచూడరు. స్థానికంగా ఇంకో కథ ఉంది. ఆవు ఒకటి గుహ పైకప్పు కంతలోంచి లోపల పడిందని, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పశువుల కాపరి లోపల రాతిలింగాన్ని చూశాడని చెబుతారు. ఆవు గుర్తుంది, లింగం గుర్తుంది, కాపరి పేరు లేదు. ఇదే బొర్రా పంచాయతీలో గనుల లీజుల మీద మొదలైన పోరాటం 1997లో సమత తీర్పు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. రంగు లైట్లలో శివపార్వతుల ఆకారాలు చూసి బయటికి వచ్చేవాళ్లలో ఎంతమందికి ఆ తీర్పు తెలుసు?

నల్లమలలో చెంచులు పులుల జాడ తీసే పనిలో ఉన్నారు, గైడ్లుగా ఉన్నారు. అదే పులుల పేరుతో అదే చెంచులను పెంటల నుంచి బయటికి పంపే ప్రయత్నాలూ సాగుతున్నాయి. మామత్ కేవ్ కథ తెలిసినవాళ్లకు ఈ రెండూ ఒకేసారి జరగడం ఆశ్చర్యం కలిగించదు.

1873లో జోతిబా ఫూలే ‘గులాంగిరి’ని అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసినవాళ్లకు అంకితమిచ్చాడు. అక్కడి సంగతి ఇక్కడెందుకని ఆయన అనుకోలేదు. పర్యాటక శాఖల్లో, మ్యూజియంలలో, అటవీశాఖ ఎకో టూరిజం ప్రాజెక్టుల్లో ఉద్యోగాలకు సిద్ధమవుతున్న మన విద్యార్థులకు ఇది నేరుగా పనికొచ్చే విషయం. గైడ్ల నియామకంలో స్థానిక దళిత, ఆదివాసీ కుటుంబాలకు వాటా ఎంత, అది రోజుకూలా లేక నెలజీతమా, బోర్డు మీద రాత ఎవరు రాస్తున్నారు, రాసేముందు ఊళ్లో ఎవర్ని అడిగారు అన్నవి సమాచార హక్కు కింద అడగదగిన ప్రశ్నలే. జవాబులు వచ్చినచోట ప్రచురించడానికి మేం సిద్ధం.

మామత్ కేవ్ పైకప్పు మీద కొవ్వొత్తి పొగతో రాసిన పేర్లు వందలున్నాయి. ఎక్కువ భాగం డబ్బిచ్చి రాయించుకున్న సందర్శకులవి. కొవ్వొత్తి పట్టుకుని రాసింది మాత్రం చాలాసార్లు గైడ్లే. స్టీఫెన్ అట్లా ఇతరుల పేర్లు రాస్తూనే అక్షరాలు నేర్చుకున్నాడని చెబుతారు. మధ్యమధ్యలో కొన్నిచోట్ల తన పేరు కూడా రాసుకున్నాడు. అది ఇంకా ఉంది, తల ఎత్తి చూస్తే కనిపిస్తుంది.