లారీ బరువు: తూయించు అధికారము ఎవరిది?

పంట పండించుట ఒక యెత్తు. దానిని చెడకుండ మార్కెట్టుకు చేర్చుట మరియొక యెత్తు. ఒక్క ట్రిప్పుతో పని తీరునని బాడుగ లారీపై బస్తాలు ఎక్కువగా వేయించుట మనలో వాడుక. దీనివలన కలుగు నష్టమును రైతులు తెలిసికొనుట అవసరము.

అధికారి ఎవరు?

1988 మోటారు వాహనముల చట్టము 114వ సెక్షను ప్రకారము, రాష్ట్ర ప్రభుత్వము అధికారమిచ్చిన వారే లారీని తూయింపగలరు. వీరు ముఖ్యముగా రవాణా శాఖ అధికారులు. 'బ్రేకు ఇన్‌స్పెక్టరు' అని మనము పిలుచునది వీరినే. మార్కెట్టు కమిటీ సిబ్బంది చూచునది మార్కెట్టు రుసుము మాత్రమే. అధికారము మనిషిది గాని చెక్‌పోస్టుది కాదు. కావున చెక్‌పోస్టు లేని దారిలో కూడ అట్టి అధికారి లారీని ఆపవచ్చును.

ఏమి చేయవచ్చును?

బరువు మించినదని నమ్ముటకు కారణమున్నచో, పోవు దారిలో 10 కిలోమీటర్ల లోపు గాని, చేరవలసిన చోటికి 20 కిలోమీటర్ల లోపు గాని ఉన్న కాటాకు లారీని తీసికొని పొమ్మనవచ్చును. మించిన బరువును దింపుమని వ్రాతమూలకముగా ఉత్తరువు ఇవ్వవచ్చును. దింపిన సరకు బాధ్యత అధికారిది కాదు. టమాటా ఎండకు చెడినను, ధాన్యము వానకు తడిసినను నష్టము మనదే.

లెక్క చూడుడు

లారీ హద్దు దాని ఆర్.సి.లో నుండును. ఆరు టైర్ల లారీకి 2018లో మొత్తపు బరువు 16.2 నుండి 18.5 టన్నులకు పెంచిరి. పాత లారీ ఆర్.సి.లో 16.2 అనియే యున్నచో, దానికి అదియే హద్దు.

హద్దు 18.5 టన్నులు, ఖాళీ లారీ బరువు 6.5 టన్నులు అనుకొనుడు. మిగిలినది 12 టన్నులు. అనగా 75 కిలోల బస్తాలు 160. మీరు 200 బస్తాలు వేసినచో 3 టన్నులు మించును. 2019 సవరణ ప్రకారము జరిమానా 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకు మరి 2,000; వెరసి 26,000. దింపుడు ఖర్చు అదనము. నడిపినవాడే గాక, నడిపించినవాడును, నడుపనిచ్చినవాడును బాధ్యులే. తూకమునకు ఒప్పుకొనకపోయినను, తూకమునకు ముందే సరకు దింపినను డ్రైవరుకు 40,000 రూపాయల జరిమానా కలదు.

రైతులు చేయవలసినది

1. బాడుగ మాట్లాడునపుడే ఆర్.సి. చూచి బస్తాల లెక్క వేసికొనవలెను.
2. బయలుదేరునపుడు కాటా వేయించి చీటి దగ్గర ఉంచుకొనవలెను.
3. ఆపిన అధికారి పేరు, హోదా మర్యాదగా అడిగి తెలిసికొనవలెను.
4. సరకు దింపుమన్నచో వ్రాతపూర్వకమైన ఉత్తరువును, సొమ్ము చెల్లించినచో రసీదును అడిగి తీసికొనవలెను.

నలువది బస్తాలకు రెండవ ట్రిప్పు బాడుగ, జరిమానాతో పోల్చిన స్వల్పమే.