గూబ కూసినంతనే కీడా?

నెల్లూరు సీమ సముద్రతీరమున చీకటి పడినంతనే తాటితోపులనుండియు, పాతకోవెలల గోపురములనుండియు గుడ్లగూబలు వెలువడును. ఆ కూత చెవినిబడినచో ముసలమ్మలు పసిపిల్లలను లోనికి దీసికొందురు. గూబ యింట జొరబడినచో కొన్ని నెలలు ఇల్లు పాడుపెట్టవలెననియు, శాంతి చేయింపవలెననియు నమ్మువారు మన యాంధ్రదేశమున నేటికిని గలరు. కలవారికి వేఱొక యిల్లుండును. ఒక్క గదిలో కాపురముండు పేదయిల్లా లెచ్చటికి బోవును? క్రొత్తకోడలు కాపురమునకు వచ్చిన దినములలో నట్లు జరిగెనేని, ఆ నింద యాపిల్లమీద బడుటయు గలదు. కావున గృహిణులీ విషయమును విచారింపవలసియున్నది.

మన భాష యీ పక్షిని రెండువిధముల జూచినది. చిన్నగూబను పైడికంటి యన్నది. అనగా బంగారుకన్నులు గలది. తెల్లమొగపు గూబను చావుపిట్ట యన్నది. పంచతంత్రములోని కాకోలూకీయమున పక్షులన్నియు గూబకు పట్టముగట్ట సిద్ధపడగా, కాకి దాని మొగము బాగులేదని యడ్డుపడెను. మనము నేటికిని ఆ కాకి తీర్పునే నమ్ముచున్నాము.

13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి యాదరమునందిన తిక్కన సోమయాజి తెనిగించిన పర్వములలో సౌప్తికపర్వ మొకటి. అశ్వత్థామ రాత్రివేళ మఱ్ఱిచెట్టుక్రింద మేలుకొనియుండి, నిదురించు కాకులను గూబ చంపుట జూచి, తానును నిదురించు శత్రువులను చంప నిశ్చయించుకొనును. పాపము చేసినవాడు మనుష్యుడు. అపకీర్తి పక్షికిని వచ్చినది. వంగదేశమున నీ గూబయే లక్ష్మీదేవికి వాహనము. ప్రాచీనకాలమున ఏథెన్సు నగరమువారు దీనిని తమ వెండినాణెములపై ముద్రించిరి. నేటి గ్రీసుదేశపు ఒక యూరో నాణెముపైనను ఆ బొమ్మయే కలదు.

అయినను, గూబ కూసిన యింట చావు కలుగుట మేము కన్నులార జూచితిమని పెద్దలందురు. దీనికి కారణమును యోచింపుడు. రోగియున్న యింట తెల్లవార్లు దీపముండును. దీపమునకు పురుగులు మూగును. పురుగులకై పైడికంటి వచ్చును. పరిచర్య చేయువారు మేలుకొనియుందురు గావున దాని కూత విందురు. రోగి కోలుకొన్నచో ఆ కూతను మఱతురు. మరణించినచో జన్మాంతము తలచుకొందురు.

దాని రూపమునకును కారణములు గలవు. కనుగ్రుడ్లు గుంటలలో కదలవు గావున అది మెడను 270 డిగ్రీలవఱకు త్రిప్పును. ఈకల యంచులు మెత్తని కుచ్చులవలె నుండుటచే ఎగురునపుడు చప్పుడు కాదు. సంస్కృతమున దివాంధమని పేరున్నను పగలును దానికి చూపుండును.

గూబకు ముఖ్యాహారము ఎలుకలు. అది జీర్ణముకాని యెముకలను, బొచ్చును ఉండగా జేసి క్రక్కును. గోపురముక్రింద బడిన యట్టి యుండను విప్పినచో ఎలుక పుఱ్ఱెలు కనబడును. పెన్న కాలువలక్రింది వరికయ్యలను, ఇంటి ధాన్యపు గాదెలను పాడుచేయునవి ఆ యెలుకలే గదా. దొరవారిసత్రము చెంత నేలపట్టు చెరువున గూడబాతులకు 1976లో రక్షితస్థలమేర్పడినది. ఆ పక్షుల రెట్టచే చెరువునీరు సారవంతమగునని గ్రామస్థులెఱిగి వానిని కాపాడుదురు. మలేషియాలో తైలపుతాటి తోటలవారు ఎలుకల బెడద తగ్గించుకొనుటకై గూబలకు కొయ్యపెట్టెలతో గూళ్లమర్చుచున్నారు. మనవైపున మాత్ర మీ పక్షికి రాళ్లు దప్ప వేఱు బహుమానము లేదు. ఉత్తరదేశమున దీపావళి దినములలో క్షుద్రపూజలకై వీనిని పట్టి యమ్మువారును గలరు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే గూబను పట్టుటయు, చంపుటయు నేరములు.

సోదరీమణులారా! ఎప్పుడైన గూబ మీ యింట జొచ్చినచో కేకలు వేయకుడు, కఱ్ఱ యెత్తకుడు. గదిలోని దీపమార్పి, కిటికీలు తలుపులు తెఱచి, పిల్లలతో నీవలికి రండు. త్రోవ కనబడినంతనే అది తానై వెడలిపోవును. మఱునాడు ఇల్లు తుడిచి, ఎప్పటివలె పొయ్యి రాజేయుడు. ఇంటి కోడలిని మాత్ర మొక్కమాటయు ననకుడు.