సిక్లోవియా

సిక్లోవియా అనేది దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశ రాజధాని బొగోటాలో ప్రతి ఆదివారం, సెలవు దినాలలో జరిగే కార్యక్రమం. ఆ రోజులలో ఉదయం 7 గంటల నుండి మధ్యాహ్నం 2 గంటల వరకు 120 కి.మీ.లకు పైగా రహదారులపై మోటారు వాహనాలను నిలిపివేసి, సైకిలు తొక్కేవారికి, నడిచేవారికి, పరుగెత్తేవారికి విడిచిపెడతారు. స్పానిష్ భాషలో ఈ పదానికి సైకిలు దారి అని అర్థం. కాలుష్యం లేని, వ్యాయామంతో కూడిన ప్రయాణానికి ప్రజలను అలవాటు చేసే పద్ధతులలో ఇది ప్రపంచ ప్రసిద్ధి చెందినది.

చరిత్ర

నగరంలో పెరుగుతున్న కార్లకు, కాలుష్యానికి, వినోద స్థలాల కొరతకు నిరసనగా 1974 డిసెంబరు 15న సైకిలు అభిమానులు ఒక ప్రదర్శన జరిపారు. ఇందులో వేలాదిమంది పాల్గొన్నారు. 1976లో నగర పాలకులు దీనికి అధికారిక గుర్తింపు ఇచ్చారు. 1995లో, అంటానాస్ మోకస్ మేయరుగా ఉన్న కాలంలో, నిర్వహణ బాధ్యత నగర క్రీడా వినోద సంస్థకు బదిలీ అయినది. అప్పటినుండి మార్గాల నిడివి బాగా పెరిగింది.

నిర్వహణ

అన్ని రోడ్లనూ మూసివేయరు. వెడల్పైన రహదారులలో చాలాచోట్ల ఒక పక్కను ప్రజలకు కేటాయించి, రెండవ పక్కన వాహనాలను అనుమతిస్తారు. కూడళ్ళ వద్ద మార్గదర్శకులు నిలబడి, వాహనాలను, సైకిళ్ళను వంతులవారీగా పంపుతారు. దారి పొడవునా సైకిలు మరమ్మతు చేసేవారు, పండ్ల రసాలు అమ్మేవారు ఉంటారు. పార్కులలో ఉచితంగా వ్యాయామ తరగతులు జరుగుతాయి.

కార్లు లేని రోజు

మేయరు ఎన్రికె పెన్యలోసా కాలంలో 2000 ఫిబ్రవరి 24, గురువారం నాడు నగరమంతటా సొంత కార్లను నిలిపివేశారు. ప్రజలు బస్సులలో, టాక్సీలలో, సైకిళ్ళపై, కాలినడకన పనులకు వెళ్ళారు. అదే సంవత్సరం అక్టోబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో అధికసంఖ్యాకులు దీనిని ఏటా జరపడానికి ఆమోదం తెలిపారు.

ప్రయోజనాలు, పరిమితులు

సైకిలు ఆరోగ్యానికి మంచిదని అందరికీ తెలిసినా, వేగంగా పోయే బస్సులు, కార్ల మధ్యకు పిల్లలను పంపడానికి పెద్దలు జంకుతారు. వారంలో ఒక పూటైనా ఆ భయం లేకుండా చేయడమే సిక్లోవియా ప్రత్యేకత. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం దీనికి పాల్గొనే ఒక్కొక్కరిపై సంవత్సరానికి అయ్యే ఖర్చు సుమారు 6 అమెరికా డాలర్లు. వ్యాయామం వలన కలిగే ఆరోగ్య లాభాన్ని లెక్కిస్తే, ఖర్చుపెట్టిన ప్రతి డాలరుకు మూడు డాలర్లకు పైగా ప్రయోజనం ఉన్నది.

అయితే ఆదివారం సైకిలు తొక్కినవారందరూ సోమవారం దానిపై పనికి వెళ్ళరు. రోజువారీ ప్రయాణానికి శాశ్వతమైన, సురక్షితమైన దారులు అవసరం. ఈ కారణంగా బొగోటాలో 1990వ దశకం చివరి నుండి ప్రత్యేక సైకిలు దారులను విస్తృతంగా నిర్మించారు. అయినప్పటికీ సైకిళ్ళ దొంగతనాలు, ప్రమాదాలు నగరంలో సమస్యలుగానే మిగిలాయి.

ఇతర నగరాలలో

మెక్సికోలోని గ్వాడలహారాలో 2004లో, అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో 2008లో ఇటువంటి కార్యక్రమాలు మొదలయ్యాయి. భారతదేశంలో బొగోటా స్ఫూర్తితో 2013 నవంబరులో హర్యానాలోని గుర్‌గావ్‌లో రాహ్‌గిరి దినం ప్రారంభమైనది. తరువాత ఇది దేశంలోని మరికొన్ని నగరాలకు వ్యాపించింది.